ఎల్‌డీఎల్ 225, తొడల నొప్పులు, ఒక మాత్రల డబ్బా: 71 ఏళ్ళ ఆవిడ కేసు

ఆవిడకి 71 ఏళ్ళు. ఊరు ఒంగోలు దగ్గర పల్లె. భర్త పోయాక బెంగళూరు వచ్చి కె.ఆర్.పురం వైపు కొడుకు, కోడలి దగ్గర ఏడాది పైగా ఉంటున్నారు. మూడేళ్ళ క్రితం గుండెపోటు వచ్చింది, ఒక స్టెంటు వేశారు. బీపీ ఉంది. సుగర్ ఇంకా రాలేదుగానీ అంచున ఉంది. థైరాయిడ్ మాత్ర పదేళ్ళుగా వేసుకుంటున్నారు. కొడుకు ఆవిణ్ణి మా క్లినిక్కి తీసుకొచ్చింది వీటి కోసం కాదు, చేతిలో ఉన్న కొలెస్ట్రాల్ రిపోర్టు కోసం. మొత్తం కొలెస్ట్రాల్ 312, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) 205, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 46, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 225.

"మందు వేస్తే కాళ్ళు పట్టేస్తున్నాయంటుంది, మానేస్తే ఇది ఇలా పెరిగిపోయింది. వేరే మంచి మందేదైనా రాయండి సార్" అన్నాడు కొడుకు.

ఇలాంటి కేసులు తరచుగా చూస్తుంటాను. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర పడలేదు, మానేశారు, ఎల్‌డీఎల్ ఆకాశానికి వెళ్ళింది, ఇప్పుడు మాత్ర మార్చాలి. సమస్య ఇలా వినిపించినప్పుడు చెయ్యి వెంటనే మందుల చీటీ మీదికి వెళ్తుంది. కానీ పెద్దవాళ్ళలో, అంతకు ముందు అదుపులో ఉన్న ఎల్‌డీఎల్ తిరగబడిందంటే, మాత్ర మార్చేలోపు అడగాల్సింది ఒకటుంది: ఈ మధ్య ఈ మనిషి జీవితంలో ఏం మారింది? ఆ ఒక్క మాట అందరికీ, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళ మందులు చూసుకునేవాళ్ళకి చేరాలని ఈ కేసు రాస్తున్నాను. ఆవిడ, కుటుంబం ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

పాత రిపోర్టులు

పాలిథిన్ కవరులో పాత కాగితాలన్నీ తెచ్చారు. ఇది చాలా మంచి అలవాటు. తేదీల వారీగా బల్ల మీద పేర్చాం.

స్టెంటు పడ్డాక ఒంగోలులో అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 40 మి.గ్రా. మీద ఎల్‌డీఎల్ 68. అప్పటి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగేది) 3.4. రెండేళ్ళు దాదాపు అక్కడే నిలిచింది. బెంగళూరు వచ్చిన ఐదు నెలలకి అదే మాత్ర మీద ఎల్‌డీఎల్ 104. అప్పుడు చూసిన డాక్టరు మాత్రని 80కి పెంచి, కొవ్వు పదార్థాలు మానమన్నారు. మూడు నెలల తర్వాత 80 మీద 119. ఆ తర్వాత తొడల్లో నొప్పులు మొదలయ్యాయి. పక్కింటావిడ "ఆ కొలెస్ట్రాల్ మాత్ర కండల్ని తినేస్తుందంట" అంటే మానేశారు. మానేసిన మూడు నెలలకి 225.

ఇందులో నన్ను ఆపింది 225 కాదు, 119. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ మరో ఆరు శాతం మాత్రమే తగ్గుతుంది. ఇది అన్ని స్టాటిన్లకీ ఉజ్జాయింపుగా వర్తించే లెక్క. 40 నుంచి 80కి వెళ్తే 104 కాస్తా 98 దగ్గరికి రావాలి. 119 అయిందంటే రెండే దారులు. మాత్ర లోపలికి పోవడం లేదు, లేదా ఎల్‌డీఎల్‌ని లోపల నుంచి మరేదో తోస్తోంది. మాత్రలు లెక్కపెట్టి వేస్తున్నామని కోడలు ఖాయంగా చెప్పింది.

రెండో అనుమానం నొప్పుల మీద. స్టాటిన్ వల్ల వచ్చే కండరాల నొప్పి మందు మానేస్తే సాధారణంగా కొన్ని వారాల్లో పోతుంది. ఈవిడకి మూడు నెలలైనా సగమే తగ్గింది.

చూసినప్పుడు

అప్పుడు ఏప్రిల్ నెల. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉన్న ఈ ఊళ్ళో కూడా ఎండ చురుక్కుమనే రోజులు. ఆవిడ పొడుగు చేతుల స్వెటర్ వేసుకుని, చెవుల మీదుగా మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నారు. "ఒంగోలు ఎండలకి అలవాటు పడ్డ ప్రాణం సార్, ఇక్కడి చలికి ఆగలేకపోతోంది" అన్నాడు కొడుకు. ముఖం కొద్దిగా ఉబ్బి ఉంది. గొంతు బొంగురుగా ఉంది, మాట నెమ్మదిగా వస్తోంది. చర్మం పొడిబారి ఉంది. మలబద్ధకం ఉందా అంటే ఉంది. నడక తగ్గింది కదా అందుకే అనుకున్నారు. పగలంతా నిద్ర. వయసు కదా అనుకున్నారు. ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. మావయ్య పోయిన దిగులు అనుకుంది కోడలు. ఏ లక్షణానికి ఆ కారణం ఉంది, ఏదీ పెడసరంగా లేదు. అందుకే ఎవరూ అన్నింటినీ కలిపి చూడలేదు.

"ఏందో నాయనా, మెట్లెక్కాలంటే తొడలు బిగదీసుకుపోతన్నాయి. కూర్చుంటే లెగవలేను, లెగిస్తే కూర్చోలేను" అన్నారు ఆవిడ.

మడమ దగ్గర తడితే పాదం ఎలా కదులుతుందో చూడాలనుకున్నాను. దానికి కుర్చీలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం ఈ వయసులో కుదరదు కాబట్టి మంచం మీద పడుకోబెట్టి, పాదాన్ని చేత్తో కాస్త పైకి పట్టుకుని, మడమ వెనక స్నాయువుని సుత్తితో తట్టాను. పాదం మామూలుగానే కిందికి కదిలింది. కదిలాక వెనక్కి రావాల్సిన పాదం రాలేదు. ఒక క్షణం అక్కడే ఆగి, మెల్లగా, బద్ధకంగా సర్దుకుంది. రెండో కాలూ అంతే. థైరాయిడ్ హార్మోను బాగా తగ్గినప్పుడు కండరం వదులయ్యే వేగం తగ్గిపోతుంది, అది ఇలా కంటికి కనబడుతుంది. రక్తపరీక్షకి పంపేలోపే చాలావరకు సంగతి తేలిపోయింది.

సాయంత్రానికి రిపోర్టులొచ్చాయి. టీఎస్‌హెచ్ 42. థైరాయిడ్ హార్మోను, అంటే ఫ్రీ టీ4, బాగా తక్కువ. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే 610, ఆ ల్యాబులో ఆడవాళ్ళకి పై హద్దు 170. డి విటమిన్ 14. లివర్ పరీక్షలు మామూలే. మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదు. ఇది ఎందుకు చూశామంటే కిడ్నీ నుంచి ప్రొటీన్ కారిపోతున్నా ఎల్‌డీఎల్ ఇలాగే ఎగబాకుతుంది. మూడు నెలల సగటు సుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. ఈసీజీలో గుండె నెమ్మదిగా, నిమిషానికి 52 సార్లు కొట్టుకుంటోంది, కొత్త మార్పులేవీ లేవు.

మాత్రల డబ్బా

పదేళ్ళుగా థైరాయిడ్ మాత్ర, అంటే థైరాక్సిన్, 75 మైక్రోగ్రాములు వేసుకుంటున్న మనిషికి టీఎస్‌హెచ్ 42 ఎలా వచ్చింది? మోతాదు పెంచేద్దామా? ఇక్కడ తొందరపడకూడదు. "మీరు పొద్దున లేచిన దగ్గర్నుంచి మాత్రలు ఎలా వేసుకుంటారో చెప్పండమ్మా" అని అడిగి, డబ్బా తెప్పించాను.

వారానికి సరిపడా గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బా అది. ప్రతి ఆదివారం రాత్రి కోడలు కూర్చుని నింపుతుంది. ఆ అమ్మాయికి రాత్రి పొద్దుపోయేదాకా ఆఫీసు కాల్స్ ఉంటాయి, పొద్దున్నే లేవలేదు. అత్తగారికి ఏ మాత్రా తప్పిపోకూడదని ఈ ఏర్పాటు చేసింది. పొద్దుటి గడిలో ఐదు మాత్రలున్నాయి: థైరాక్సిన్, ఆస్పిరిన్, బీపీకి మెటోప్రోలాల్, గ్యాస్‌కి పాంటోప్రజోల్, కాల్షియం. కాల్షియం బెంగళూరు వచ్చాక మోకాళ్ళ నొప్పులకి కొత్తగా చేరింది. ఐదూ కలిపి ఒక్క గుక్కలో, ఫిల్టర్ కాఫీతో.

ఒంగోలులో ఇలా ఉండేది కాదు. థైరాయిడ్ సీసా మంచం పక్కన కిటికీలో ఉండేది. ఐదింటికి లేవగానే చెంబులో నీళ్ళతో ఒకటి మింగి, వాకిలి ఊడ్చి, ముగ్గేసి, స్నానం, దీపం అయ్యాకే కాఫీ. అంటే కడుపులో ఆ మాత్ర ఒక్కటే గంటన్నర ఉండేది. ఎవరూ చెప్పకుండానే అంతా సరిగ్గా జరిగిపోయేది.

థైరాక్సిన్ చాలా సున్నితమైన మాత్ర. కాల్షియం, ఐరన్ దాన్ని పేగులోనే పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. అందుకే నాలుగు గంటల ఎడం ఉండాలంటాం. కాఫీ కూడా దాన్ని లోపలికి ఇంకనివ్వదు, అరగంట నుంచి గంట ఆగాలి. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ వల్ల కూడా కొంత తగ్గుతుంది. ఈ మూడూ ఒకేసారి పడ్డాయి. మాత్ర రోజూ గొంతు దిగుతోంది, ఒంటికి మాత్రం పట్టడం లేదు.

ఇంక కొలెస్ట్రాల్ సంగతి. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని తీసేసేది ముఖ్యంగా కాలేయం. కాలేయ కణాల మీద ఉండే ఎల్‌డీఎల్ రిసెప్టర్లు దాన్ని పట్టి లోపలికి లాక్కుంటాయి. ఈ సంగతి కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది. స్టాటిన్ పని చేసేదీ చివరికి ఆ రిసెప్టర్లని పెంచే. ఆ రిసెప్టర్లు తయారవ్వాలంటే థైరాయిడ్ హార్మోను చాలినంత ఉండాలి. హార్మోను తగ్గితే రిసెప్టర్లు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. ఒక పక్క స్టాటిన్ పెంచుతుంటే ఇంకో పక్క నుంచి అది పని చేసే చోటే కుంచించుకుపోయింది. పైగా థైరాయిడ్ తగ్గితే కండరాలు తమంతట తామే నొప్పెడతాయి, సీపీకే పెరుగుతుంది. అలాంటి కండరాల మీద 80 మి.గ్రా. స్టాటిన్ పడితే నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం.

ఇది చెప్పగానే కోడలి ముఖం వాడిపోయింది. "డబ్బాలో నేనే పెట్టాను సార్" అంది. ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడా చెప్తాను. స్టెంటు ఉన్న మనిషికి ఏడాది పాటు ఒక్క ఆస్పిరిన్ కూడా తప్పలేదంటే అది ఆ డబ్బా చలవే. డబ్బా మానొద్దు. ఒక్క థైరాయిడ్ సీసా దాంట్లోంచి బయటికి రావాలి, కాల్షియం గడి మారాలి. ఏ మాత్ర దేనితో పడదో చీటీ మీద రాసిచ్చే బాధ్యత మా వృత్తిది.

మొదటి నాలుగు నెలలు

స్టాటిన్ వెంటనే మొదలుపెట్టలేదు. సీపీకే దిగి, థైరాయిడ్ కుదుటపడేదాకా ఆగాలి. అలాగని స్టెంటు ఉన్న మనిషిని 225తో నెలల తరబడి వదిలేయడానికీ మనసొప్పలేదు. ఎజెటిమైబ్ 10 మి.గ్రా. మొదలుపెట్టాను. అది పేగులో కొలెస్ట్రాల్‌ని పీల్చుకోనివ్వకుండా ఆపుతుంది, ఎల్‌డీఎల్‌ని పదిహేను నుంచి ఇరవై శాతం తగ్గిస్తుంది, కండరాల నొప్పుల బెడద తక్కువ.

థైరాక్సిన్ దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. ఇన్నాళ్ళూ సగంసగం ఒంటబడుతున్న 75ని రేపటి నుంచి పూర్తిగా ఒంటబట్టిస్తే, నెమ్మదిగా నడవడానికి అలవాటుపడ్డ గుండె మీద ఒక్కసారిగా పని పడుతుంది. గుండె రక్తనాళాల జబ్బున్న పెద్దవాళ్ళలో ఇది ఛాతీ నొప్పికి దారితీయొచ్చు. అందుకని మోతాదు పెంచకపోగా తగ్గించాను. ఎనిమిది వారాలు 50, ఆ తర్వాత 75. టీఎస్‌హెచ్ 42 ఉంటే మాత్ర తగ్గించడమేమిటని కొడుకు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే, కారణం చెప్పాను. ఛాతీలో బరువుగా అనిపించినా, ఆయాసం వచ్చినా వెంటనే ఫోన్ చెయ్యమన్నాను.

వేళ కుదర్చడానికే ఎక్కువసేపు పట్టింది.

"కాఫీ మానెయ్యమంటావా నాయనా?" ఆవిడ గొంతులో భయం కనిపించింది.

"మానొద్దమ్మా. మాత్రకీ కాఫీకీ మధ్య గంట ఎడం ఉంటే చాలు."

తెల్లవారుజామున నాలుగున్నరకి ఆవిడకి ఎలాగూ మెలకువ వస్తుంది, బాత్రూముకి వెళ్తారు. సీసా, మరచెంబులో నీళ్ళు మళ్ళీ మంచం పక్కకి చేరాయి. మాత్ర వేసుకున్నాక సీసాని తలకిందులుగా పెట్టాలి. రాత్రి పడుకునేలోపు కోడలు దాన్ని మామూలుగా నిలబెట్టాలి. వేసుకున్నానో లేదో అని తికమకపడి రెండుసార్లు మింగే ప్రమాదం దీంతో పోతుంది. పాంటోప్రజోల్ టిఫినుకి అరగంట ముందు. ఆస్పిరిన్, మెటోప్రోలాల్ టిఫిను తర్వాత. కాల్షియం మధ్యాహ్నం భోజనం చేశాక. డి విటమిన్ వారానికొకటి.

ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ 12, సీపీకే 190, ఎల్‌డీఎల్ 146. ఆవిడ స్వెటర్ లేకుండా వచ్చారు. పదహారు వారాలకి టీఎస్‌హెచ్ 4.6, సీపీకే 120, ఎల్‌డీఎల్ 109. డెబ్బై దాటినవాళ్ళలో టీఎస్‌హెచ్‌ని ఒకటికీ రెండుకీ దించాలని పట్టుబట్టకూడదు. మోతాదు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నాలుగు నుంచి ఆరు మధ్య ఉంటే నాకు చాలు.

225 నుంచి 109కి వచ్చేసరికి ఇంకా స్టాటిన్ ఒక్కటి కూడా పడలేదు.

కంచం

ఆవిడ ఏం తింటున్నారో విన్నప్పుడు బాధనిపించింది. "కొవ్వు మానండి" అన్న మాటని ఇంట్లో తూచా తప్పకుండా పాటించారు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం కొంచెం అన్నంలో పల్చటి చారు, రాత్రి రెండు పుల్కాలు. పప్పన్నంలో నెయ్యి మానేశారు. నెయ్యి లేని పప్పు రుచించక పప్పే మానేశారు. గుడ్డు మానేశారు, పెరుగు బదులు నీళ్ళ మజ్జిగ. ఏడాదిలో తొడలు సన్నబడ్డాయి. ఆకలేసినప్పుడు మాత్రం వీధి చివరి బేకరీ నుంచి తెచ్చిన రస్కులు, ఖారా బిస్కెట్లు, ఒక్కోసారి బెణ్ణె (వెన్న) బిస్కెట్లు. "రస్కు ఒంటికి తేలికంట కదా" అన్నారు.

బెంగళూరులో ప్రతి వీధికీ ఒక బేకరీ ఉంటుంది, పెద్దవాళ్ళకి సాయంత్రం కాలక్షేపం కూడా అదే. రస్కుని పథ్యం కింద లెక్కేసే ఇళ్ళు చాలా చూశాను. ఇంట్లో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తెప్పించి వెనక చిన్న అక్షరాలు కొడుకు చేత చదివించాను. మైదా, ఆ వెంటనే పామ్ ఆయిల్, చక్కెర. పామ్ ఆయిల్‌లో సగానికి సగం శాచురేటెడ్ కొవ్వే, అంటే నెయ్యిలాగా పేరుకునే రకం. ఎల్‌డీఎల్‌ని పెంచేది ముఖ్యంగా ఆ కొవ్వు. ఆహారంలో ఉన్న కొలెస్ట్రాల్ పాత్ర దానికన్నా తక్కువ, ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన ఒళ్ళు తనంతట తాను చేసుకున్నదే. ఒకప్పుడు బేకరీ సరుకులో వనస్పతి ద్వారా వచ్చే ట్రాన్స్ కొవ్వు ఇంకా పెద్ద గండంగా ఉండేది. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో దాన్ని రెండు శాతానికి మించనివ్వకుండా మన దేశంలో నిబంధన వచ్చింది. అది మంచి మార్పే, కానీ శాచురేటెడ్ కొవ్వు అలాగే ఉంది.

లెక్క వేసి చూపించాను. ఆవిడ రోజుకి 1500 కేలరీలు తింటారనుకుంటే, అందులో శాచురేటెడ్ కొవ్వు ఏడు శాతం దాటకూడదన్న లెక్కన దాదాపు 12 గ్రాములు. టీస్పూను నెయ్యిలో ఉండేది 3 గ్రాములు. బిస్కెట్లు మానేస్తే ఆ ఒక్క స్పూను నెయ్యికి కంచంలో చోటుంది. "పప్పన్నంలో ఒక స్పూను వేసుకోండమ్మా, పప్పు మాత్రం గట్టిగా, గరిటెడు కాదు రెండు గరిటెలు వేసుకోండి" అన్నాను. ఆవిడ కొడుకు వైపు చూశారు, నేను నిజంగానే అన్నానా అని.

ఈ వయసులో కొలెస్ట్రాల్ పథ్యం పేరుతో ప్రొటీన్ తగ్గించడం నేను చూసే నష్టాల్లో చాలా పెద్దది. ఎల్‌డీఎల్ ఐదు పాయింట్లు తగ్గితే కనిపించే లాభం కన్నా, తొడ కండలు కరిగి బాత్రూములో పడి తుంటి విరిగితే వచ్చే నష్టం ఎన్నో రెట్లు ఎక్కువ. గుడ్డు వారానికి నాలుగు రోజులు తిరిగొచ్చింది. పెరుగు తిరిగొచ్చింది. సాయంత్రం రస్కుల స్థానంలో ఉడకబెట్టిన శనగలో, వేరుశనగలో ఒక గుప్పెడు. కూరల్లో గోరుచిక్కుడు, బెండ, వంకాయ, చలికాలంలో ఇక్కడ బుట్టలకొద్దీ వచ్చే అనపగింజలు. నీటిలో కరిగి జిగురయ్యే పీచు పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకెళ్తుంది, దాన్ని మళ్ళీ తయారు చెయ్యడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని వాడుకుంటుంది. ఆహార పరిశ్రమలో వాడే గ్వార్ గమ్ ఈ గోరుచిక్కుడు గింజల నుంచి తీసిందే. మలబద్ధకానికి ఇచ్చిన ఇసబ్‌గోల్ కూడా ఈ పనే చేస్తుంది, కాకపోతే దాన్ని థైరాయిడ్ మాత్రకి దూరంగా రాత్రి వేళ ఇచ్చాం. వంటకి వేరుశనగ నూనె మార్చాల్సిన పని లేదు, కొలత తగ్గిస్తే చాలు. అన్నం మానమని అనలేదు.

ఇవన్నీ శ్రద్ధగా చేస్తే ఎల్‌డీఎల్ పది నుంచి పదిహేను శాతం తగ్గొచ్చు. స్టెంటు ఉన్న మనిషికి అదొక్కటే సరిపోదు, ఆ మాట మొదటే చెప్పాలి. లేకపోతే ఆరు నెలలు ఒళ్ళు దాచుకోకుండా పథ్యం చేసి, చివర్లో మాత్ర రాసేసరికి "ఇంత చేసినా ఫలితం లేదా" అని కుంగిపోతారు.

తొడలు

వ్యాయామం వల్ల ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, హెచ్‌డీఎల్ కాస్త పెరుగుతుంది. ఎల్‌డీఎల్ మీద దాని ప్రభావం తక్కువే. అయినా ఈవిడకి వ్యాయామం ఎందుకు ముఖ్యమంటే, తొడల బలం కోసం, గుండె కోసం, పడిపోకుండా ఉండటం కోసం. చేతులు ఎదమీద కట్టుకుని కుర్చీలోంచి ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూస్తాం. డెబ్బై నుంచి డెబ్భై నాలుగు మధ్య ఆడవాళ్ళు పదికి తక్కువ లేస్తే పడిపోయే ముప్పు ఎక్కువని లెక్క. మొదటి రోజు ఆవిడ నాలుగుసార్లు లేచి ఆగిపోయారు.

వీధుల్లో నడవమనలేదు. పలకలు లేచిపోయిన ఫుట్‌పాత్‌లు, దాని మీదే బైకులు. అపార్ట్‌మెంట్ లోపలే, పార్కింగ్ చుట్టూ, పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలతో మొదలు. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం. గట్టి కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మొదట్లో చేతుల ఆసరాతో. థైరాయిడ్ కుదుటపడకుండా ఇవి బలవంతంగా చేయించలేదు, కండరం కోలుకుంటున్న కొద్దీ పెంచాం. నాలుగు నెలలకి కుర్చీలోంచి ఎనిమిదిసార్లు, ఆ తర్వాత పదకొండు.

మళ్ళీ స్టాటిన్

ఎల్‌డీఎల్ 109 దగ్గర చాలామంది ఆగిపోదామంటారు. గుండెపోటు రాని మనిషైతే నేనూ ఆలోచించేవాణ్ణి. 75 దాటి, గుండెజబ్బు ఎప్పుడూ లేనివాళ్ళకి కొత్తగా స్టాటిన్ మొదలుపెట్టడం ఎంత లాభమో చెప్పే ఆధారాలు తక్కువ, అక్కడ మనిషిని బట్టి నిర్ణయించాలి. స్టెంటు పడ్డవాళ్ళ సంగతి వేరు. 70 నుంచి 82 ఏళ్ళ వాళ్ళు 5,804 మందిపై జరిగిన ప్రాస్పర్ అధ్యయనంలో ప్రవాస్టాటిన్ గుండెపోట్లని తగ్గించిందని 2002లోనే తేలింది. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి అతి ముప్పు ఉన్నవాళ్ళకి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలంటున్నాయి. వయసు మీద పడిందని ఈ రక్షణ తీసెయ్యడం సరికాదు.

"మళ్ళీ ఆ మాత్రేనా నాయనా? ఇప్పుడిప్పుడే కాళ్ళు నావన్నట్టుగా ఉన్నాయి" అన్నారు ఆవిడ.

ఆ భయాన్ని కొట్టిపారెయ్యలేదు. స్టాటిన్ నొప్పుల్లో భయం పాలు ఎంతో చూపించిన అధ్యయనం ఒకటుంది, శామ్‌సన్ అని, 2020లో వచ్చింది. దుష్ఫలితాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్ నెలల్లో పడ్డ బాధలో తొంభై శాతం ఉత్తుత్తి మాత్రల నెలల్లోనూ కనబడింది. కానీ ఈ లెక్క తీసుకెళ్ళి ఈవిడ ముందు పెట్టడం అన్యాయం. ఆవిడ నొప్పి ఊహ కాదు, సీపీకే 610 ఉంది. నేను చెప్పింది ఇది: "అప్పుడు మీ కండరాలు థైరాయిడ్ లేక నీరసించి ఉన్నాయి, దాని మీద బలమైన మాత్ర పడింది. ఇప్పుడు కండరాలు బాగున్నాయి. చాలా తక్కువ మోతాదు, అదీ రోజు విడిచి రోజు. నొప్పొస్తే మీరే ఆపేసి నాకు ఫోన్ చెయ్యండి, నన్ను అడగక్కర్లేదు." ఆపే అధికారం తన చేతిలో ఉందని తెలిశాక ఆవిడ ఒప్పుకున్నారు.

రోజువాస్టాటిన్ 5 మి.గ్రా. రోజు విడిచి రోజు ఇచ్చాం. ఇది ఒంట్లో చాలాసేపు ఉంటుంది కాబట్టి ఇలా ఇచ్చినా పని చేస్తుంది. పైగా అటోర్వాస్టాటిన్‌లాగా క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌తో పెద్ద గొడవ పడదు. దగ్గొచ్చినప్పుడు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకునే ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. ఆరు వారాలకి ఎల్‌డీఎల్ 78, సీపీకే మామూలే. అప్పుడు రోజూ 5. తర్వాతి పరీక్షలో 66. మధ్యలో ఒకసారి ఎడమ తొడ నొప్పని ఫోన్ వచ్చింది. ఒక్క కాలికే, అదీ ముందు రోజు ఇంట్లో వ్రతానికి గంటల తరబడి పీట మీద కూర్చున్నాక. స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండు కాళ్ళకీ సమానంగా వస్తుంది. మాత్ర ఆపకుండా రెండు రోజులు చూడమన్నాను, తగ్గిపోయింది.

గుండె డాక్టరుగారితో మాట్లాడి 10కి పెంచాం. ఎల్‌డీఎల్ 57, ట్రైగ్లిజరైడ్లు 128, హెచ్‌బీఏ1సీ 6.2. స్టాటిన్ వల్ల సుగర్ కొద్దిగా పెరగొచ్చు, ఆరు నెలలకోసారి చూస్తాం. దాని కోసం స్టెంటు ఉన్న మనిషికి ఈ మందు ఆపం. పుస్తకం 55 అంటుంది. రెండు పాయింట్ల కోసం ఇంకో మాత్ర చేర్చలేదు.

ప్రస్తుతం మందుల చీటీ ముందు గడిలో మాత్ర పేరు బదులు వేళ రాసి ఉంటుంది: తెల్లవారుజాము, టిఫినుకి ముందు, టిఫిన్ తర్వాత, మధ్యాహ్నం, రాత్రి. దాన్ని కోడలు ఫ్రిజ్ తలుపు మీద అతికించింది, ఒక కాపీ ఒంగోలులో ఆడపడుచుకి పంపింది, ఎందుకంటే సంక్రాంతికి అత్తగారు అక్కడికి వెళ్తారు. కొత్త మాత్ర ఏ డాక్టరు రాసినా, ఆయుర్వేదం మాత్రయినా, ముందు ఆ చీటీలో దాని వేళ ఎక్కడో ఫోన్ చేసి అడుగుతున్నారు. ఆరు నెలల తర్వాత టీఎస్‌హెచ్, ఎల్‌డీఎల్ రెండూ ఒకే రోజు చేయించాలి. అప్పుడు టీఎస్‌హెచ్ బాగుండి కూడా ఎల్‌డీఎల్ 70 దాటితే కొలెస్ట్రాల్ తగ్గించే మరో మందు, బెంపెడోయిక్ ఆసిడ్ సంగతి ఆలోచిస్తాం. అది కాలేయంలోనే చురుకవుతుంది, కండరాల్లో అవ్వదు. యూరిక్ ఆసిడ్ పెరగొచ్చు కాబట్టి మొదలుపెట్టేలోపు అది కూడా ఒకసారి చూసుకోవాలి.